గ్రాఫిక్స్ చిప్ పోయిందన్నారు, వారంటీ లేదు: ఏం చేయాలి?

ల్యాప్‌టాప్ తెర మీద గీతలు పడటం, రంగు చుక్కలు రావడం, ఉన్నట్టుండి డిస్‌ప్లే నల్లబడటం గురించి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పాఠకులు పంపిన ప్రశ్నలు చాలా చేరాయి. అందుకే ఈసారి శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఒకచోటే జవాబిచ్చాం.

ప్రశ్న: కాశీబుగ్గలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఆల్బమ్‌ల కోసం, వీడియో ఎడిటింగ్ కోసం విడిగా గ్రాఫిక్స్ చిప్ (తెర మీది బొమ్మను తయారు చేసే భాగం) ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. దాని వారంటీ కిందటేడే ముగిసింది. కొంతకాలంగా వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తుండగా తెరంతా ఆకుపచ్చ చుక్కలు వచ్చి మెషీన్ బిగుసుకుపోతోంది. వెంటనే మళ్లీ ఆన్ చేస్తే కంపెనీ లోగో మీద కూడా నిలువు గీతలు కనిపిస్తున్నాయి. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్న ఆన్ చేస్తే గంటో రెండు గంటలో బాగానే పని చేస్తోంది. శ్రీకాకుళంలో ఒక షాపులో చూపిస్తే గ్రాఫిక్స్ చిప్ పోయిందని, హీటింగ్ పెడితే తక్కువలో అయిపోతుందని, మూడు నెలలు గ్యారంటీ ఇస్తామని అన్నారు. లేదంటే బోర్డు మార్చాలట. ఆ డబ్బుకు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి వస్తుంది. ఏం చేయమంటారు?
— స్టూడియో యజమాని, కాశీబుగ్గ

జవాబు: హీటింగ్ పెట్టించవద్దు, అంటే చిప్‌ను వేడిగాలితో కాల్పించవద్దు. కారణం కింద చెబుతాను గానీ, అంతకంటే ముందు పోయింది నిజంగా గ్రాఫిక్స్ చిప్పేనా అన్నది తేలాలి. తెర మీద గీత కనిపించగానే చిప్ పోయిందనేయడం మన దగ్గర అలవాటుగా మారింది. గీతలకు తెర కారణం కావచ్చు, మూత మడత దగ్గర నలిగిన డిస్‌ప్లే కేబుల్ కావచ్చు, ఆ చిప్‌ను విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ కావచ్చు, గ్రాఫిక్స్ చిప్ పక్కనే ఉండే మెమరీ చిప్‌లు కావచ్చు. వీటిలో ఒక్కొక్కదానికి అయ్యే ఖర్చు ఒక్కో రకంగా ఉంటుంది.

మీరు ఇంట్లోనే చేసుకోగల పరీక్షలున్నాయి. గీతలు కనిపిస్తున్నప్పుడు మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. కదలికను బట్టి గీతలు మారుతున్నా, మాయమవుతున్నా తప్పు కేబుల్‌దే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. తర్వాత హెచ్‌డీఎంఐ వైరుతో ఇంట్లోని టీవీకి కలపండి. టీవీ మీద బొమ్మ శుభ్రంగా ఉండి ల్యాప్‌టాప్ తెర మీద మాత్రమే గీతలుంటే ముందుగా అనుమానించాల్సింది తెరను, కేబుల్‌నే. చుక్కలు వచ్చి మెషీన్ ఇంకా బిగుసుకుపోని ఆ కొద్ది క్షణాల్లో స్క్రీన్‌షాట్ తీయగలిగితే దాన్ని ఫోన్‌కు పంపుకొని చూడండి. స్క్రీన్‌షాట్‌లోనూ చుక్కలు పడి ఉంటే బొమ్మ తయారయ్యే దశలోనే చెడిపోతోందని అర్థం, అంటే తెరను మార్చినా ప్రయోజనం ఉండదు. స్క్రీన్‌షాట్‌లో లేని గీత తెర మీద ఉంటే అది బొమ్మ తయారైన తర్వాత, తెరకు చేరే దారిలో వచ్చింది.

మీరు రాసిన లక్షణాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది లోగో మీది గీతలు. విండోస్ మొదలుకాక ముందే గీతలు వస్తున్నాయంటే డ్రైవర్‌ను అనుమానించాల్సిన పని లేదు, ఎందుకంటే ఆ సమయానికి విండోస్ డ్రైవర్ ఇంకా రంగంలోకి రాదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి రెండు గ్రాఫిక్స్ ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉండేది, రెండోది బోర్డు మీద విడిగా కూర్చునే ఎన్విడియా లేదా ఏఎమ్‌డీ చిప్. ఎక్కువ మోడళ్లలో తెరకు బొమ్మను పంపేది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే. విడి చిప్ భారీ పనులు చేసి, ఫలితాన్ని దానికి అందిస్తుంది. అలాంటి మెషీన్‌లో విడి చిప్ పాడైనా లోగో శుభ్రంగానే కనిపించాలి. లోగో మీద గీతలు వస్తున్నాయంటే మీ మోడల్‌లో విడి చిప్పే నేరుగా తెరను నడుపుతూ ఉండాలి, లేదా తప్పు వేరే చోట ఉండాలి.

దీన్ని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా కంపెనీని బట్టి ఎఫ్2 గానీ డిలీట్ గానీ ఎఫ్10 గానీ నొక్కితే బయాస్ (విండోస్ మొదలుకాక ముందే పని చేసే సెట్టింగుల) తెర వస్తుంది. అందులో డిస్‌ప్లే మోడ్ లేదా గ్రాఫిక్స్ మోడ్ అనే ఎంపిక ఉందేమో చూడండి. గేమింగ్ రకం మోడళ్లలో ఇది తరచుగా ఉంటుంది. వేగం కోసమని కొన్న కొత్తలో మీరో, అమ్మిన షాపువాళ్లో దాన్ని ‘డిస్‌క్రీట్’కు, అంటే విడి చిప్పే తెరను నడిపేలా, మార్చి ఉండవచ్చు. దాన్ని రెండు గ్రాఫిక్సూ కలిసి పని చేసే ‘హైబ్రిడ్’కు మార్చి, మెషీన్ బాగా వేడెక్కేదాకా వాడి, తర్వాత రీస్టార్ట్ చేసి లోగోను గమనించండి. గీతలు మాయమైతే తప్పు విడి చిప్ వైపే ఉందని రుజువైనట్టే. పైగా పైసా ఖర్చు లేకుండా పని జరిగే ల్యాప్‌టాప్ మీ చేతికి వచ్చినట్టు కూడా. గీతలు అలాగే ఉండి టీవీ మీద మాత్రం కనిపించకపోతే తెర, కేబుల్ సంగతి ముందు చూపించండి.

ఇక చిప్పే పోయిందనుకుందాం. అసలు ఎందుకు పోతుంది? గ్రాఫిక్స్ చిప్ అని మనం పిలిచే చదరపు వస్తువు ఒకే ముక్క కాదు. మధ్యలో అద్దంలా మెరిసే సిలికాన్ ముక్క ఉంటుంది, దాని కింద ఆకుపచ్చని చిన్న పలక ఉంటుంది. ఈ రెంటినీ కలిపేవి కంటికి ఆనని సన్నని టంకం బొట్లు. వాటి చుట్టూ ఒక రకం జిగురు నింపుతారు. పలక అడుగున మరో వరస టంకం గుండ్లు ఉండి, మొత్తం భాగాన్ని మదర్‌బోర్డుకు అతుకుతాయి. వేడెక్కినప్పుడు ఆ పలక సిలికాన్ కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టిన ప్రతిసారీ ఎనభై తొంభై డిగ్రీలకు చేరడం, ఆపగానే చల్లారడం ఏళ్ల తరబడి జరిగితే, అటూ ఇటూ వంచిన ఇనప తీగ చివరకు తెగినట్టు, మధ్యనున్న బొట్లలో ఏదో ఒకటి చిట్లుతుంది. చిట్లిన రెండు కొనలు ఒక ఉష్ణోగ్రతలో ఆనుకుని ఉంటాయి, మరో ఉష్ణోగ్రతలో విడిపోతాయి. పొద్దున్న బాగుండి, వేడెక్కాక చుక్కలు రావడం ఈ రకం లోపానికి బాగా సరిపోయే లక్షణం.

ఇది ఎవరో కల్పించిన కథ కాదు. 2008 జూలైలో ఎన్విడియా సంస్థే తన పాత తరం ల్యాప్‌టాప్ చిప్‌లలో సిలికాన్‌నూ పలకనూ కూర్చిన పదార్థాలు బలహీనంగా ఉన్నాయని ప్రకటించి, వారంటీ, మరమ్మతు ఖర్చుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. అమెరికాలో ఆ వ్యవహారం కోర్టుకెక్కి, డెల్, హెచ్‌పీ, యాపిల్ కంపెనీల కొన్ని మోడళ్ల యజమానులకు 2010లో పరిష్కారం దొరికింది. 2011–2013 మధ్య అమ్మిన కొన్ని మాక్‌బుక్ ప్రోలలో గ్రాఫిక్స్ లోపం రావడంతో, వారంటీ దాటినా ఉచితంగా బాగు చేస్తామని 2015 ఫిబ్రవరిలో యాపిల్ ప్రకటించి, 2016 చివరి దాకా ఆ పని చేసింది. యూరప్‌లో 2006 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేయడం కూడా కొంత పాత్ర వహించిందని చెబుతారు. సీసం కలిపిన పాత టంకం 183 డిగ్రీలకు కరిగితే, సీసం లేని కొత్త టంకం 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది గట్టిది, కానీ వంగే గుణం తక్కువ.

ఇప్పుడు హీటింగ్ సంగతి. వేడిగాలి యంత్రంతో చిప్‌ను కాల్చినప్పుడు లోపలి భాగాలు వ్యాకోచించి, చిట్లిన కొనలు తాత్కాలికంగా మళ్లీ ఒకదాన్నొకటి తాకుతాయి. బొమ్మ వస్తుంది. షాపువాళ్లు ఆన్ చేసి చూపిస్తారు, మీరూ చూసి డబ్బిస్తారు. చిట్లిన బొట్టు మాత్రం నిజంగా అతుక్కోదు. మళ్లీ నాలుగు పెళ్లిళ్ల వీడియోలు ఎక్స్‌పోర్ట్ అయ్యేసరికి పాత కథ మొదలవుతుంది, అది కూడా సరిగ్గా మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యే రోజుల్లో. మూడు నెలల గ్యారంటీ అనడంలోనే ఆ పని ఎన్నాళ్లుంటుందో అవతలివాళ్లకు తెలుసన్న సంగతి దాగి ఉంది.

రీబాలింగ్ అనే మాట కూడా మీకు వినిపిస్తుంది. చిప్‌ను బోర్డు నుంచి ఊడదీసి, అడుగున ఉన్న టంకం గుండ్లన్నిటినీ తీసేసి, కొత్తవి పేర్చి మళ్లీ అతకడం అది. నేర్పు కావలసిన పని, చేసేవారి పట్ల నాకు గౌరవం ఉంది. బోర్డు కింద పడి గుండ్లు విరిగిన సందర్భంలో అది సరైన మరమ్మతే. కానీ లోపం సిలికాన్ కింది బొట్లలో ఉన్నప్పుడు, అడుగు గుండ్లు ఎన్నిసార్లు మార్చినా లోపం ఉన్నచోటే ఉంటుంది. కొన్నాళ్లు పని చేస్తే అది ఆ పనిలో తగిలిన వేడి చలవ మాత్రమే.

నిజమైన మరమ్మతు చిప్‌నే మార్చడం. అందుకు ఒప్పుకునే ముందు షాపువారిని కొన్ని విషయాలు అడగండి. వేసేది కొత్త చిప్పా, మరో పాత బోర్డు నుంచి ఊడదీసినదా? చిప్ మీద ముద్రించిన అంకెల్లో తయారీ తేదీ ఉంటుంది. ఎన్విడియా చిప్‌లలో నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు ఏడాదిని, తర్వాతి రెండు వారాన్ని సూచిస్తాయి. 2134 అని ఉంటే 2021లో 34వ వారం అన్నమాట. బిగించక ముందే దాన్ని ఫొటో తీసి పంపమనండి. చిప్ పక్కనున్న మెమరీని విడిగా పరీక్షించారా అని కూడా అడగండి. తెర మీద చుక్కలు ఒక క్రమంలో, గళ్లు గళ్లుగా వస్తుంటే చాలాసార్లు పోయింది గ్రాఫిక్స్ చిప్ కాదు, మెమరీ చిప్‌లలో ఒకటి. అది మార్చడం అంతకంటే తేలిక. ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పేవారు చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది ఒక్కో భాగాన్ని విడిగా బాగు చేసే పని, నిజంగా తెలిసినవారని నమ్మవచ్చు. బోర్డును ‘విశాఖ పంపిస్తాం’ అంటే పంపనివ్వండి, అందులో తప్పేమీ లేదు. అయితే అక్కడ ఎవరు చేస్తున్నారో, పని చెడితే జవాబుదారీ ఎవరో కాగితం మీద రాయించుకోండి.

మీ విషయంలో నా సలహా ఇది. ముందు హైబ్రిడ్ మోడ్‌లో పెట్టి, అవసరమైతే తర్వాతి జవాబులో చెప్పినట్టు విడి చిప్‌ను పూర్తిగా ఆపి చూడండి. ఆల్బమ్ డిజైనింగ్‌కు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ సరిపోతుంది. వీడియో ఎక్స్‌పోర్ట్ మాత్రం నెమ్మదిస్తుంది, దాన్ని రాత్రి పూట పెట్టుకుని పడుకోవచ్చు. ఈ సీజన్ అలా గడిపి, ఆ డబ్బును కొత్త మెషీన్‌కు జమ చేయండి. నాలుగేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌కు, దాన్ని అమ్మితే వచ్చే ధరలో సగం కంటే ఎక్కువ మరమ్మతుకు పెట్టడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: ఎచ్చెర్లలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. విండోస్ పరికరాల జాబితా అయిన డివైస్ మేనేజర్‌లో ఎన్విడియా పేరు పక్కన పసుపు గుర్తు వచ్చి ‘కోడ్ 43’ అని చూపిస్తోంది. గేమ్ తెరిస్తే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది, మిగతా పనులు బాగానే జరుగుతున్నాయి. ఆ చిప్‌ను ఆపేసి వాడుకోవచ్చని హాస్టల్‌లో స్నేహితులు అంటున్నారు. ఆపినా విండోస్ మళ్లీ దాన్ని లేపుతోంది. ఏం చేయాలి?
— విద్యార్థిని, ఎచ్చెర్ల

జవాబు: పరికరం తనలో లోపం ఉందని స్వయంగా చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసిందని కోడ్ 43కు అర్థం. అది డ్రైవర్ చెడినా వస్తుంది, చిప్ చెడినా వస్తుంది. కాబట్టి పాత డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి, ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ కిందే ఉన్న డ్రైవర్‌ను ఒకసారి వేసి చూడండి. ఆ తర్వాత కూడా కోడ్ 43 తిరిగి వస్తే, గేమ్ తెరవగానే ఆగిపోతున్నదన్న మీ మాటను బట్టి, చిప్‌లోనే లోపం ఉందని తీసుకోవచ్చు.

మీ స్నేహితులు చెప్పింది సరైనదే. బయాస్‌లో విడి గ్రాఫిక్స్‌ను ఆపే ఎంపిక ఉంటే అక్కడే ఆపండి, అది అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. లేకపోతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఎన్విడియా పేరు మీద కుడి క్లిక్ చేసి ‘డిజేబుల్’ ఎంచుకోండి. ‘అన్ఇన్‌స్టాల్’ వద్దు. విండోస్ మళ్లీ లేపడానికి కారణం సాధారణంగా అదే. అన్ఇన్‌స్టాల్ చేస్తే కొత్త పరికరం కనిపించిందనుకుని విండోస్ అప్‌డేట్ మళ్లీ డ్రైవర్ తెచ్చి పెడుతుంది. డిజేబుల్ చేస్తే ఆ పరికరం జోలికి రాదు. అయినా పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చిన తర్వాత ఒకసారి చూసుకోండి. లోపమున్న చిప్ దానంతట అదే మేలుకొని, పరీక్షల ముందు రోజు ప్రాజెక్ట్ రిపోర్టు మధ్యలో మెషీన్ ఆగిపోవడం ఎవరికీ వద్దు.

రెండు విషయాలు ముందే తెలుసుకోండి. కొన్ని గేమింగ్ మోడళ్లలో హెచ్‌డీఎంఐ పోర్టును నేరుగా విడి చిప్‌కే కలుపుతారు. చిప్‌ను ఆపితే ఆ పోర్టూ ఆగుతుంది. సెమినార్ రోజున ప్రొజెక్టర్‌కు కలపబోయి బిత్తరపోకుండా ఇప్పుడే పరీక్షించి చూసుకోండి. రెండోది, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అది మీ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీయే అయితే, ఖాళీ స్లాట్ ఉన్న పక్షంలో ఇంకొక 8 జీబీ వేయించండి. చిప్ మరమ్మతు కంటే అది ఎంతో మేలైన ఖర్చు. మీ మెషీన్ ఇకపై తక్కువ వేడెక్కుతుంది, బ్యాటరీ ఎక్కువ సేపు వస్తుంది.

ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేని మోడళ్లు కొన్ని ఉన్నాయి. డివైస్ మేనేజర్‌లో ఒకే ఒక్క గ్రాఫిక్స్ పేరు కనిపించేవారు ఈ సలహాను పాటించకూడదు.

ప్రశ్న: హెయిర్ డ్రయ్యర్‌తో గానీ, ఓవెన్‌లో పెట్టి గానీ బోర్డును వేడి చేసి బాగు చేసిన వీడియోలు చూశాను. చేయవచ్చా?
— పాఠకుడు, పార్వతీపురం

జవాబు: వద్దు. హెయిర్ డ్రయ్యర్ వేడి టంకం కరిగే ఉష్ణోగ్రత దరిదాపుల్లోకి కూడా రాదు. ఓవెన్‌లో పెడితే ప్లాస్టిక్ సాకెట్లు వంకరపోతాయి, కెపాసిటర్లు పగులుతాయి, ఆ పొగలు పట్టిన ఓవెన్‌లో తర్వాత వంట చేసుకోలేరు. బోర్డు మీద ఉండే చిన్న గుండు బ్యాటరీని తీయడం మరిచిపోతే అది పేలే ప్రమాదం కూడా ఉంది. వీడియోలో బొమ్మ వచ్చిన క్షణం వరకే చూపిస్తారు.

ప్రశ్న: వారంటీ ముగిసిన నెలకే నా ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్ పోయింది. వారంటీలో ఉండగానే తెర రెండుసార్లు నల్లబడితే కంపెనీ సర్వీస్ సెంటర్ వారు సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసి పంపారు. ఇప్పుడు బోర్డు మార్చడానికి పూర్తి ధర అడుగుతున్నారు. చట్టం నాకు ఏమైనా ఉపయోగపడుతుందా?
— పదవీ విరమణ చేసిన ఉద్యోగి, విజయనగరం

జవాబు: మీ విషయంలో ఉపయోగపడే అవకాశం ఉంది. దానికి కారణం మీరు రాసిన రెండో వాక్యమే. వారంటీ ముగిశాక కొత్తగా వచ్చిన లోపానికి కంపెనీని బాధ్యురాలిని చేయడం కష్టం. అదే లోపం వారంటీలో ఉండగానే తలెత్తి, కారణం సరిగా చూడకుండా పంపేశారని చూపించగలిగితే అది సేవాలోపం కిందికి వస్తుందని వాదించవచ్చు. అందువల్ల ఆ రెండుసార్లూ ఇచ్చిన జాబ్ షీట్‌లు (ఫిర్యాదు, చేసిన పని రాసిచ్చే కాగితాలు) వెతికి పట్టుకోండి. అవి లేకపోతే ఆనాటి ఎస్‌ఎమ్‌ఎస్‌లు, ఈ-మెయిళ్లు అయినా పనికివస్తాయి. జాబ్ షీట్‌లో ఫిర్యాదు గడిలో ఏం రాశారో చూడండి. ‘నో డిస్‌ప్లే’ అని ఉంటే మీ వాదన బలపడుతుంది. ‘జనరల్ చెకప్’ అని ఉంటే కొంత బలహీనపడుతుంది. వారంటీలో ఉన్న పాఠకులందరికీ ఇక్కడే ఒక మాట చెప్పాలి. కౌంటర్‌లోని వ్యక్తి ఏం టైప్ చేస్తున్నారో చదివిన తర్వాతే సంతకం పెట్టండి.

ముందుగా కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈ-మెయిల్ రాయండి, ఫోన్ మాత్రమే చేసి ఊరుకోవద్దు. సీరియల్ నంబరు, కొన్న తేదీ, ఆ రెండు ఫిర్యాదుల తేదీలు వరసగా రాసి, బోర్డును ఉచితంగా గానీ సగం ధరకు గానీ మార్చాలని అడగండి. వారంటీ ఇటీవలే ముగిసినప్పుడు కొన్ని కంపెనీలు ఈ దశలోనే ఎంతో కొంత దిగివస్తాయి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. వస్తువుకు మీరు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకపోతే ఫీజు ఉండదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. చిప్ పాడైందని కంపెనీ సర్వీస్ సెంటరే రాసిచ్చిన కాగితం ఉంటే మంచిది, కాబట్టి అది చేతికొచ్చే దాకా బయటి షాపులో మెషీన్ విప్పించవద్దు. ఒకసారి బయట విప్పితే, అక్కడే చెడిందని కంపెనీ వాదించడానికి దారి దొరుకుతుంది.

ప్రశ్న: బొబ్బిలిలో ఉపాధ్యాయురాలిని. డిస్‌ప్లే అసలు రావడం లేదు. ల్యాప్‌టాప్‌ను షాపులో వదిలేయమంటున్నారు. అందులో కుటుంబ ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్నాయి. అవి భద్రమేనా?
— ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

జవాబు: గ్రాఫిక్స్ చిప్ పోయినంత మాత్రాన ఫైళ్లకు ఏమీ కాదు. అవి హార్డ్ డిస్క్‌లోనో ఎస్‌ఎస్‌డీలోనో ఉంటాయి. ఇవ్వబోయే ముందు మీ ఎదుటే దాన్ని విప్పించి, మీ చేతికి తీసుకోండి. చిప్ మరమ్మతుకు డిస్క్ అవసరం లేదు, పరీక్షించడానికి వారి దగ్గర వేరే డిస్కులు ఉంటాయి. ‘అదీ ఉండాలండీ’ అని ఎవరైనా పట్టుబడితే వేరే షాపు చూసుకోండి. బయటి కేసులో పెట్టి మరో కంప్యూటర్‌కు కలిపితే ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు.

అయితే ఒక అడ్డంకి రావచ్చు. ఈ మధ్య వచ్చిన విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో డిస్క్ దానంతట అదే బిట్‌లాకర్ అనే విండోస్ రక్షణ తాళంలోకి వెళ్లి ఉంటుంది. మరో కంప్యూటర్‌కు కలిపినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచి లాగిన్ అయితే అక్కడ ఆ కీ దొరుకుతుంది. ముందుగా దాన్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, తర్వాతే బోర్డు పని మొదలుపెట్టించండి. పలచటి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో డిస్క్ బోర్డుకే అతికి ఉంటుంది, దాన్ని విప్పలేరు. అలాంటప్పుడు బోర్డు మార్చడానికి ఒప్పుకుంటే ఫైళ్లు పాత బోర్డుతోనే పోతాయి. ముందు టీవీకి కలిపి బొమ్మ వస్తుందేమో చూసి, వస్తే వెంటనే అన్నీ కాపీ చేసుకోండి.

ప్రశ్న: కళింగపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. కరెంటు హెచ్చుతగ్గుల వల్లే చిప్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? ఉన్న రెండో ల్యాప్‌టాప్‌నైనా కాపాడుకోవడం ఎలా?
— పాఠకుడు, కళింగపట్నం

జవాబు: తిత్లీ తుపాను తర్వాత మన వైపు ఏ వస్తువు పాడైనా కరెంటు మీదికి నెట్టడం మామూలైపోయింది. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీది చిన్న అక్షరాలు చదవండి, 100 నుంచి 240 వోల్టుల వరకు తీసుకుంటుందని ఉంటుంది. అది తగ్గించి ఇచ్చే 19, 20 వోల్టులను బోర్డు మీది సర్క్యూట్లు ఇంకా తగ్గించి, ఒక వోల్టు దరిదాపుల్లోకి తెచ్చి చిప్‌కు అందిస్తాయి. మామూలు హెచ్చుతగ్గులు ఇవన్నీ దాటి గ్రాఫిక్స్ చిప్ దాకా చేరడం అరుదు. పిడుగు పడినప్పుడు పోయేది సాధారణంగా అడాప్టర్, లేదా బోర్డులో కరెంటు ప్రవేశించే భాగం. ఆ దెబ్బ తగిలితే మెషీన్ అసలు ఆన్ కాదు. గీతలతో ఆన్ అయ్యే మెషీన్‌కు కారణం వేరే వెతకాలి.

ఉప్పుగాలి మాట నిజం. అది బోర్డు మీది సన్నని తీగలను, కనెక్టర్లను పచ్చటి తుప్పు పట్టిస్తుంది. దానికంటే ఎక్కువ హాని చేసేది వేడి. ఫ్యాన్ పక్కనుండే సన్నని రేకుల మధ్య దుమ్ము, నూలు పోగులు కలిసి పలచటి పొరలా పేరుకుంటాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం బయటకు పోదు. ఫ్యాన్ తీయకుండా బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ పొర అక్కడే మరింత బిగుస్తుంది. ఏడాదికొకసారి ఫ్యాన్ విప్పించి శుభ్రం చేయించండి. చిప్ వేడిని బయటికి లాగడానికి దాని మీద పూసే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుగా మారితే అప్పుడే మార్పించండి. మంచం మీద, దిండు మీద పెట్టి వాడకండి.

మెషీన్ బాగా వేడెక్కుతుంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 శాతంగా ఉన్నదాన్ని 99 చేయండి. చాలా ప్రాసెసర్లలో ఆ ఒక్క అంకె తగ్గిస్తే అదనపు వేగానికి ఎగబాకడం ఆగిపోతుంది. రాసుకోవడం, చదువుకోవడం వంటి పనుల్లో తేడా తెలియదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. కొన్ని మోడళ్లలో ఈ ఎంపికను కంపెనీలు దాచి ఉంచుతాయి. అక్కడ కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ‘సైలెంట్’ లేదా ‘క్వైట్’ మోడ్ పెట్టుకుంటే దాదాపు అదే ఫలితం వస్తుంది.

ప్రశ్న: బోర్డు మార్పించాను. పాత బోర్డును షాపువారు ఉంచేసుకున్నారు. అది నాదే కదా?
— పాఠకుడు, రాజాం

జవాబు: మీదే. ఎక్స్‌ఛేంజ్ మీద ధర తగ్గించి ఉంటే తప్ప దాన్ని ఉంచేసుకునే హక్కు వారికి లేదు. గ్రాఫిక్స్ చిప్ పోయిన బోర్డు మీద కూడా పనికొచ్చే ప్రాసెసర్, పోర్టులు, పవర్ భాగాలు ఉంటాయి. చిప్ లెవెల్ పని చేసేవారు వాటిని ఊడదీసి వేరే మరమ్మతుల్లో వాడతారు. అందుకే బిల్లు వేసేటప్పుడే ‘పాత బోర్డు తిరిగి ఇచ్చాం’ అనో, ‘ఇంత తగ్గించి మేమే తీసుకున్నాం’ అనో రాయించుకోవాలి. తిరిగి తీసుకున్నాక మీకు అవసరం లేదనిపిస్తే తుక్కు సామాను బండికి వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఎలక్ట్రానిక్ వస్తువుల రీసైక్లింగ్ బాధ్యత వాటిని తయారు చేసిన కంపెనీలది. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో పాత పరికరాలు అప్పగించే కేంద్రాల వివరాలు ఉంటాయి.